పద్దెనిమిది నిమిషాల ఓడ

అందరికీ నమస్కారం.

ఈరోజు నేను చెప్పబోయేది సముద్రంలో మునిగిన ఓ ఓడలో డైవింగ్ గురించి. ఓడ పేరు శాన్‌ఫ్రాన్సిస్కో మారు. పేరులో అమెరికా ఊరుంది గానీ ఓడ జపాన్‌ది. 'మారు' అనేది జపాన్ వాళ్ళు సరుకు ఓడల పేర్ల చివర తగిలించే మాట. మన చెవికి 'ఇంకో మారు' లాగా వినిపిస్తుంది, అలాగే గుర్తుపెట్టుకోండి, పరవాలేదు.

1919లో కోబే రేవులో, కవాసాకి వాళ్ళ యార్డులో కట్టారు. పొడవు 117 మీటర్లు. బరువు లెక్కలో 5,800 టన్నుల పైచిలుకు. మునిగేనాటికి పాతికేళ్ళు నిండవచ్చిన ముసలి ఓడ. ఇప్పుడది పసిఫిక్ మహాసముద్రంలో, మైక్రోనేషియా దేశంలోని చూక్ దీవుల మధ్య ఉంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆ చోటిని ట్రక్ అనేవారు, డైవర్లు ఇప్పటికీ ట్రక్ లగూన్ అనే అంటారు. లగూన్ అంటే చుట్టూ దిబ్బలు అడ్డుపడి లోపల మడుగులా మిగిలిన సముద్రం. మన పులికాట్ కూడా ఆ జాతిదే. కాకపోతే పులికాట్‌లో చాలాచోట్ల నిలబడి నడవచ్చు. ట్రక్‌లో పగడపు దిబ్బల గోడ లోపల 60 మీటర్ల పైన లోతుంది, ఆ గోడ లోపల పెద్ద నౌకాదళమే లంగరు వేసుకుని కూర్చుంది.

1944 ఫిబ్రవరి 4న అమెరికా నిఘా విమానాలు ట్రక్ మీదుగా ఎగిరాయి. రాబోయేదేమిటో జపాన్ నౌకాదళానికి అర్థమైంది. పెద్ద యుద్ధనౌకలను అక్కణ్ణించి తప్పించేశారు. సరుకు ఓడలను తప్పించలేదు, అవి ఇంకా సరుకు దించుకుంటూనే ఉన్నాయి. ఫిబ్రవరి 17 తెల్లవారగానే 9 విమానవాహక నౌకల నుంచి 500 పైగా విమానాలు వచ్చి పడ్డాయి. అమెరికా వాళ్ళు ఆ దాడికి పెట్టుకున్న పేరు హెయిల్‌స్టోన్, అంటే వడగళ్ళు. రెండు రోజుల్లో 30 పైగా సరుకు ఓడలు అడుగుకు పోయాయి. ట్రక్‌లో ఈరోజు మనం చూసేవన్నీ ఎక్కువగా సరుకు ఓడలే కావడానికి కారణం ఇదే: తప్పించుకోగలిగినవి తప్పించుకున్నాయి, బరువుతో ఉన్నవి మునిగాయి.

ఇక్కడ మనకూ ఓ చిన్న లంకె ఉంది. అంతకు రెండేళ్ళ కిందట, 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేసినవి ర్యూజో అనే జపాన్ విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు. ఆ రోజుల్లోనే బంగాళాఖాతంలో ఇరవై పైగా సరుకు ఓడలను జపాన్ నౌకాదళం ముంచింది. రెండేళ్ళు తిరక్కుండానే అదే పని వాళ్ళ ఓడలకు జరిగింది. చరిత్ర ఇంతవరకు చాలు. మీరు వచ్చింది డైవింగ్ గురించి వినడానికి.

ఓడ నిటారుగా కూర్చుని ఉంది, పక్కకు ఒరగలేదు. ఇది డైవర్‌కి పెద్ద వరం. పక్కకు పడిన ఓడలో గోడ నేలవుతుంది, తలుపు బావి నోరవుతుంది, ఎటు పోతున్నామో తెలియదు. ఇక్కడ మెట్లు మెట్లలాగే, డెక్ డెక్ లాగే ఉంటుంది. వంతెన, అంటే ఓడ నడిపే గది ఉండే భాగం, సుమారు 45 మీటర్ల దగ్గర తగులుతుంది. మెయిన్ డెక్ సుమారు 50. ఇసుక అడుగు 60 దాటుతుంది. ముందుకు, వెనక్కు కలిపి వరసగా సరుకు గదులు. వీటిని ఇకమీద హోల్డ్‌లు అంటాను, డైవర్లు అనే మాట అదే.

మొదటి హోల్డ్‌లో అర్ధగోళాల ఆకారంలో ఉన్న మందుపాతరలు, తీరం వెంబడి పాతేవి, గుట్టగా పేర్చి ఉన్నాయి. రెండో హోల్డ్‌లో పెట్రోలు మోసే ట్యాంకర్ లారీలు, విమానాల బాంబులు. వెనక హోల్డ్‌లలో టార్పెడోలు, జలాంతర్గాముల మీద వేసే డెప్త్ చార్జీలు. ఇంత సరుకుంది కాబట్టే దీనికి 'మిలియన్ డాలర్ల ఓడ' అని పేరు పడింది. ఇవన్నీ ఒక ఎత్తు, డెక్ మీద వంతెనకు కాస్త ముందున్న మూడు ట్యాంకులు ఒక ఎత్తు. టైప్ 95 హా-గో అనే తేలికరకం యుద్ధ ట్యాంకులు. ఒక్కోటి 7.4 టన్నులు, నాలుగు మీటర్ల పైన పొడవు, ముగ్గురు పట్టే బండి, 37 మిల్లీమీటర్ల ఫిరంగి. కుడివైపు రెండు, ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉంటాయి. ఎడమవైపు ఒకటి. చాలామంది ఈ ఓడకు వెళ్ళేది ఈ మూడింటి కోసమే, అందులో తప్పేం లేదు.

సరే, 50 మీటర్లంటే ఏమిటో చూద్దాం. ప్రతి 10 మీటర్లకూ ఒక బార్ ఒత్తిడి పెరుగుతుంది. పైన గాలి ఒత్తిడి ఒక బార్ ఎలాగూ ఉంది. అంటే డెక్ మీద 6 బార్. కొంచెం కిందామీదా అయ్యేదానికి లెక్కంతా 55 మీటర్లకు వేస్తాను, అక్కడ 6.5 బార్. అక్కడ ఒక్క శ్వాసకు పైన ఆరున్నర శ్వాసలకు పట్టేంత గాలి ఖర్చవుతుంది.

మామూలు గాలి పీల్చి 55కు వెళితే మూడు ఇబ్బందులు. మొదటిది మత్తు. నైట్రోజన్ ఒత్తిడి పెరిగేకొద్దీ బుర్ర మందగిస్తుంది. ఆ సంగతి తాగినవాడికి తెలియనట్టే మత్తెక్కినవాడికీ తెలియదు. గేజ్ చూస్తాడు, అంకె చదువుతాడు, దాని అర్థం ఏమిటో అందదు. రెండోది ఆక్సిజన్: 55 మీటర్ల దగ్గర గాలిలో దాని వాటా ఒత్తిడి 1.37 బార్, అడుగుకు పోతే 1.5 దాటుతుంది. ఆక్సిజన్ ఒత్తిడి మరీ పెరిగితే మూర్ఛ వస్తుంది, పనిచేస్తూ ఈత కొట్టేవాడికి అది గీతకు అవతల. మూడోది చాలామంది పట్టించుకోనిది, నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది: గాలి చిక్కదనం. లీటరు గాలి పైన 1.29 గ్రాములు. 55 మీటర్ల దగ్గర 8.4 గ్రాములు. లోతు డైవింగ్ మీద పనిచేసినవాళ్ళు పెట్టుకున్న హద్దు లీటరుకు 6.2, మంచిది 5.2 లోపు. అది దాటితే ఊపిరితిత్తులు చిక్కటి గాలిని తోయలేక కార్బన్ డయాక్సైడ్ ఒంట్లోనే మిగిలిపోతుంది. అది మిగిలితే ఆయాసం, ఆయాసపడితే ఇంకా గబగబా పీల్చడం, దాంతో మత్తు రెట్టింపు, చివరికి భయం. ట్యాంకు ముందు ఫోటో కోసం రెండు నిమిషాలు గట్టిగా కాళ్ళాడించినా చాలు, ఈ గొలుసు మొదలవుతుంది.

అందుకే హీలియం. 18 శాతం ఆక్సిజన్, 45 శాతం హీలియం, మిగతాది నైట్రోజన్. డైవర్ల భాషలో 'పద్దెనిమిది-నలభైఐదు'. ఈ ట్రైమిక్స్ పైన లీటరుకు 0.8 గ్రాములు, 55 మీటర్ల దగ్గర సరిగ్గా 5.2. ఆక్సిజన్ ఒత్తిడి 1.17. మత్తు లెక్కలో చూస్తే గాలితో సుమారు 26 మీటర్ల దగ్గర ఉన్నట్టుంటుంది. హీలియం ఖరీదు, దీవుల్లో ఇంకా ఖరీదు, ముందుగా చెప్పి తెప్పించుకోవాలి. డబ్బు చాలకపోతే ఈ ఓడ మానేసి తక్కువ లోతులో ఉన్న ఓడలు చూడండి. గాలితో సర్దుకోకండి.

ఇప్పుడు అసలు లెక్క. ఈ ప్రసంగంలో మీరు ఒక్కటి రాసుకుని వెళ్తారంటే ఇది రాసుకోండి. లెక్క కింద నుంచి మొదలుపెట్టకూడదు, పైకి రావడం నుంచి మొదలుపెట్టాలి.

ఇద్దరు డైవర్లు. 12 లీటర్ల స్టీల్ సిలిండర్లు రెండు జంటగా వీపు మీద, అంటే 24 లీటర్లు. 200 బార్ నింపితే 4,800 లీటర్ల గ్యాస్. ప్రశాంతంగా ఉన్న డైవర్ నీటి పైనైతే నిమిషానికి 20 లీటర్లు పీలుస్తాడనుకుందాం. 55 మీటర్ల దగ్గర అది 130 లీటర్లు. 20 నిమిషాలుంటే 2,600. 4,800లో 2,600 పోతే 2,200 మిగులుతుంది, చాలదా? అందరూ ఇక్కడే ఆగిపోతారు.

జరగకూడనిది జరిగిందనుకోండి. సరిగ్గా కింద ఆఖరి నిమిషంలో మీ తోటి డైవర్ గ్యాస్ మొత్తం పోయింది. ఇప్పుడు ఒకే జంట సిలిండర్ల మీద ఇద్దరు పీలుస్తారు. కంగారు కాబట్టి మనిషికి 20 కాదు, 30 లీటర్లు వేయాలి. ఇద్దరికి 60. గొట్టం అందించి, సర్దుకుని, కళ్ళల్లో కళ్ళు పెట్టి 'సరే' అనుకోవడానికి ఒక నిమిషం: 60 ఇంటూ 6.5, అంటే 390 లీటర్లు. అక్కణ్ణించి 21 మీటర్లకు నిమిషానికి 9 మీటర్ల చొప్పున నాలుగు నిమిషాలు, సగటు లోతు 38, అక్కడ ఒత్తిడి 4.8: మొత్తం 1,152. ఒంట్లో కరిగిన గ్యాస్ మెల్లగా బయటికి పోవడానికి మధ్యలో 30, 27, 24 దగ్గర నిమిషం చొప్పున ఆగాలి, దానికి 666. 21 దగ్గర, పక్కన వేలాడే సిలిండర్‌లోని రెండో గ్యాస్‌కి మారడానికి ఒక నిమిషం, 186. కూడితే 2,394 లీటర్లు. దాన్ని 24తో భాగించండి. 100 బార్.

అంటే గేజ్‌లో 100 కనబడే లోపు మీరు పైకి వచ్చే తాడు పట్టుకుని ఓడను వదిలేసి ఉండాలి. వంద కనబడ్డాక తాడు వైపు బయల్దేరడం కాదు, అప్పటికే తాడు చేతిలో ఉండాలి. పైనున్న 100 బార్ మాత్రమే మీది. దాని కింద ఉన్నది మీ తోటివాడిది. 100 బార్ అంటే 2,400 లీటర్లు, నిమిషానికి 130 చొప్పున పద్దెనిమిదిన్నర నిమిషాలు. దిగడంతో కలిపి. కాబట్టి ఇరవై నిమిషాల ఓడ అని ఎవరైనా చెబితే నమ్మకండి, ఇది పద్దెనిమిది నిమిషాల ఓడ.

ఆ పద్దెనిమిదీ నిలుస్తుందా? వేడి ప్రాంతంలో కంప్రెసర్ దగ్గర నింపిన సిలిండర్ 45 డిగ్రీల వేడితో ఉంటుంది. నీళ్ళు 28 డిగ్రీలు. నీళ్ళల్లో పడగానే 200 కాస్తా 189 అవుతుంది. 11 బార్ పోతే 264 లీటర్లు, అంటే రెండు నిమిషాలు. పైగా చాలాచోట్ల దొరికేవి 11 లీటర్ల అల్యూమినియం జంట సిలిండర్లు. వాటిలో మిగుల్చుకోవలసింది 100 కాదు, 110. అప్పుడు కింద 15 నిమిషాలే. కాబట్టి పడవ ఎక్కేముందు గేజ్ చూడటం కాదు, సిలిండర్ చల్లబడ్డాక చూడాలి. ఉదయం డైవ్ అయితే ముందురోజు సాయంత్రమే నింపించి, నీడలో పెట్టి, పొద్దున కొలవండి.

వీపు మీద జంట సిలిండర్లు కాక, పైకి వచ్చేటప్పుడు పీల్చడానికి పక్కన రెండు చిన్నవి వేలాడాలి. ఒకదానిలో 50 శాతం ఆక్సిజన్, 21 మీటర్ల నుంచి పైకి. రెండోదానిలో స్వచ్ఛమైన ఆక్సిజన్, 6 మీటర్ల నుంచి పైకి. ఒక్కోటి ఆరు లీటర్ల లోపు సిలిండరే, ఒక మనిషి మామూలు డైవ్‌కి చాలు, ఏదైనా తేడా వచ్చినా అవసరానికి ఒకటిన్నర రెట్లు ఉండేలా చూసుకోవాలి. ఈ చిన్న సిలిండర్లే పెద్ద ప్రమాదం. 50 శాతాన్ని 55 మీటర్ల దగ్గర నోట్లో పెట్టుకుంటే ఆక్సిజన్ ఒత్తిడి 3.25 బార్. మూర్ఛ ముందు చెప్పి రాదు, నోట్లోంచి రెగ్యులేటర్, అంటే గ్యాస్ అందించే పరికరం, జారిపోతుంది, మనిషి మునుగుతాడు. కాబట్టి సిలిండర్ మీద లోతు అంకె అరచేయంత పెద్దగా రాసి ఉండాలి: '21', '6'. మారేటప్పుడు వరస ఇది. లోతు చూడండి. అంకె చదవండి, తోటివాడికి చూపించండి. వాల్వు తెరవండి. ఆ వాల్వు నుంచి గొట్టం వెంబడి చెయ్యి జరుపుకుంటూ రెగ్యులేటర్ దాకా రండి. అప్పుడే నోట్లో పెట్టుకోండి. ఇదంతా అయ్యేదాకా తోటివాడు మారకూడదు, మిమ్మల్నే చూస్తూ ఉండాలి. చెయ్యి జరపడం చాదస్తం అనుకుంటారు. రెండు రెగ్యులేటర్లూ నల్లగానే ఉంటాయి, చీకట్లో రెండూ ఒకటే.

దిగడం. బోయా తాడు ఓడకు కట్టి ఉంటుంది. 6 మీటర్ల దగ్గర ఆగి ఒకరి వెనక ఒకరు తిరిగి బుడగలు ఎక్కడైనా కారుతున్నాయేమో చూసుకోండి. పైన కారే చిన్న బుడగ కింద ఆరున్నర రెట్లు గ్యాస్ తింటుంది. ఏ బుడగ కనబడినా డైవ్ అక్కడితో సరి, వెనక్కి. తర్వాత ఆగకుండా వంతెన దాకా. మూడో నిమిషం అయ్యేసరికి వంతెన మీద ఉంటారు. నాలుగో నిమిషానికి కుడివైపు ట్యాంకులు. అక్కడ నాలుగు నిమిషాలు ఉండండి, తొందరేం లేదు. పైకెక్కిన ట్యాంకు గొలుసు చక్రాల మధ్య మెత్తటి పగడం, స్పాంజి పెరిగి ఉంటుంది, ఫిరంగి గొట్టం సన్నగా కనబడుతుంది. మోచేతి పొడవు. ఎనభై ఏళ్ళ నుంచి అలాగే ముందుకు చాచి ఉంది. తర్వాత డెక్ దాటి ఎడమవైపు ట్యాంకు. దారిలో రెండో హోల్డ్ నోరు వస్తుంది, పైనుంచి టార్చి వేస్తే లారీల ఆకారం తెలుస్తుంది. అక్కడికి పది నిమిషాలు. ఓడ ముక్కు మీద ఒక తుపాకీ ఉంది, అందరూ అక్కడిదాకా పోవాలని చూస్తారు. నా సలహా, మొదటిసారి వదిలేయండి. అక్కడికి వెళ్ళి తిరిగి రావడం దాదాపు ఆరేడు నిమిషాలు, ఎదురు నీటివాలు ఉంటే ఇంకా ఎక్కువ, మిగిలింది ఎనిమిదే.

హోల్డ్‌లోకి దిగడం గురించి. హోల్డ్ నోరు వెడల్పుగా ఉంటుంది, పైన వెలుతురు కనబడుతుంది, కాబట్టి లోపలికి వెళ్ళినట్టే అనిపించదు. మందుపాతరలు కూడా నోటి కిందే కనబడతాయి. కానీ నోరు నుంచి రెండు మీటర్లు పక్కకు వెళితే తల మీద ఇనుప కప్పు వచ్చేసింది. కింద మెత్తటి బురద, పైన తుప్పు. మీ కాళ్ళు బురదను లేపుతాయి. మీరు వదిలిన బుడగలు పైకప్పు తుప్పును రాలుస్తాయి. కాళ్ళు ఎంత జాగ్రత్తగా ఆడించినా బుడగలను ఆపలేరు కదా. నిమిషంలో చెయ్యి చెయ్యికి కనబడదు. వెనక్కి దారి చూపే రీల్ దారం లేకుండా లోపలికి వెళ్ళినవాడు బయటికి రావడం అదృష్టం మీద ఆధారపడుతుంది. అదృష్టాన్ని గ్యాస్ లెక్కలో వేయలేం. ఓడ లోపల కప్పు కింద గాలి బుడగలు నిలిచి ఉండటం కొన్నిచోట్ల కనబడుతుంది. అందులోకి తలపెట్టి పీల్చకండి. తుప్పు పట్టడమంటే ఇనుము ఆక్సిజన్‌ని తినడమే. ఆ బుడగలో ఆక్సిజన్ మిగిలి ఉంటుందని ఎవరూ చెప్పలేరు, నూనె ఆవిర్లు కూడా ఉండొచ్చు.

రీబ్రీదర్, అంటే వదిలిన గాలిని శుభ్రం చేసి మళ్ళీ పీల్చడానికి ఇచ్చే యంత్రం, వాడేవాళ్ళకు ఒక మాట. గ్యాస్ ఖర్చు తగ్గుతుంది, పద్దెనిమిది నిమిషాల గొడవ పోయినట్టు కనబడుతుంది. పోలేదు. యంత్రం ఆగిపోతే మీరు పక్క సిలిండర్ల మీద పైకి రావాలి, ఆ సిలిండర్లలో 55 నుంచి 21 దాకా సరిపడా గ్యాస్ ఉందా అన్నదే లెక్క. చిక్కదనం హద్దు వాళ్ళకూ అదే. కార్బన్ డయాక్సైడ్ పీల్చే సున్నపు గుళికలు ఎన్ని గంటలు వాడారో రాసిపెట్టుకోండి. మిగిలాయి కదా అని పాతవే రెండో రోజు వాడకండి.

పైకి రావడం. మొదటి ఆగుడు దాకా నిమిషానికి 9 మీటర్లు. ఆపైన 3 మీటర్లకు ఒకసారి ఆగుతూ రావాలి. 18 నిమిషాలు కింద ఉంటే మొత్తం పైకి రావడానికి ముప్పై నుంచి నలభై నిమిషాలు పడుతుంది. మీరు డైవ్ కంప్యూటర్‌లో పెట్టుకున్న గ్రేడియంట్ ఫ్యాక్టర్‌ని, అంటే ఎంత జాగ్రత్తగా పైకి రావాలో చెప్పే అంకెను బట్టి మారుతుంది. నా అంకెను పట్టికగా వాడకండి, మీ గ్యాస్‌తో మీ సాఫ్ట్‌వేర్‌లో వేసుకుని పలక మీద రాసుకోండి. ఇంకో రెండు పలకలు కూడా: 3 మీటర్లు లోతు ఎక్కువైతే ఏమిటి, 3 నిమిషాలు ఆలస్యమైతే ఏమిటి. ఆక్సిజన్ సిలిండర్ పోతే 50 శాతం మీదే ఎంతసేపు వేలాడాలో కూడా ముందే తెలిసి ఉండాలి. పడవ కింద 6 మీటర్ల దగ్గర ఒక అదనపు ఆక్సిజన్ సిలిండర్ వేలాడదీయించండి.

ఇలా ఆగకుండా గబగబా పైకి వస్తే, గోలీసోడా మూత తీస్తే బుడగలు వచ్చినట్టు ఒంట్లో వస్తాయని అందరూ చెబుతారు. సగం నిజం. సోడా అంతా ఒకే నీరు. ఒళ్ళు అలా కాదు. రక్తం, మెదడు తొందరగా నింపుకుంటాయి, తొందరగా వదిలేస్తాయి. కొవ్వు, కీళ్ళు నెమ్మదిగా నింపుకుంటాయి, ఇంకా నెమ్మదిగా వదులుతాయి. లోతైన ఆగుళ్ళు మొదటిరకం కోసం, 6 మీటర్ల దగ్గర ఎక్కువసేపు వేలాడటం రెండోరకం కోసం. 6 మీటర్ల ఆగుడు అయిపోయాక కూడా పైకి గభాల్న తేలకండి, నిమిషానికి ఒక మీటరు చొప్పున రండి. ఒత్తిడి నిష్పత్తి అన్నిటికంటే ఎక్కువగా మారేది ఆఖరి 6 మీటర్లలోనే.

28 డిగ్రీల నీళ్ళు కదా అని పలచటి సూటు వేసుకుంటారు. అరగంట పైన కదలకుండా వేలాడితే అదే నీరు చలి పుట్టిస్తుంది. కింద పనిచేస్తూ వెచ్చగా ఉన్నప్పుడు ఒళ్ళు గ్యాస్ ఎక్కువ పీల్చుకుంటుంది, పైన చలికి రక్తప్రసరణ తగ్గి వదలడం నెమ్మదిస్తుంది. ఇది సరిగ్గా తిరగబడ్డ పద్ధతి. 5 మిల్లీమీటర్ల సూటు, తల టోపీతో వెళ్ళండి.

పడవ ఎక్కేటప్పుడు సిలిండర్లు ముందు పైకి అందించండి, మొత్తం బరువుతో నిచ్చెన ఎక్కకండి. ఎక్కాక లంగరు లాగడానికి సాయం చేయకండి, చెడ్డవాళ్ళనుకున్నా పరవాలేదు. ఒంట్లో బుడగలు చేరాయనడానికి గుర్తులు: భుజం నొప్పి, చర్మం మీద దురద, మచ్చలు, వేళ్ళలో తిమ్మిరి, చెప్పలేని అలసట. ఏది కనబడినా వెంటనే వంద శాతం ఆక్సిజన్, మంచినీళ్ళు, పడవ నడిపేవాళ్ళకు చెప్పడం. 'పడుకుంటే తగ్గుతుంది' అన్న మాట డైవింగ్‌లో చాలా కాళ్ళు పడగొట్టింది. దగ్గర్లో ఈ జబ్బుకి వైద్యం చేసే ఒత్తిడి గది పనిచేస్తోందా, ఎవరు నడుపుతున్నారు, ఆ వారంలో ఆ మనిషి ఊళ్ళో ఉన్నాడా అన్నది టికెట్ కొనేముందే అడగండి. ఆఖరి డైవ్‌కీ విమానానికీ మధ్య నిండా 24 గంటలు ఉంచుకోండి.

వెళ్ళే దారి: ఎక్కువమంది గువామ్ మీదుగా చూక్‌లోని వేనో దీవికి వెళ్తారు. గువామ్ అమెరికా భూభాగం, కాబట్టి భారత పాస్‌పోర్టుకి అమెరికా వీసా కావాలి, విమానం మారడానికి కూడా. ఈ ఒక్క సంగతి తెలియక ప్రయాణం చెడగొట్టుకోకండి. చూక్‌లో డైవింగ్‌కి పర్మిట్ తీసుకోవాలి. ఓడల మీది వస్తువు ఏదీ తీసుకురాకూడదు, అది నేరం. ఈ ఓడలను మొదట చూపించినవాళ్ళు అక్కడి మనుషులే. చిన్నప్పుడు దాడిని కళ్ళారా చూసిన కిమియో ఐసెక్ 1973లో అక్కడ డైవ్ షాపు పెట్టి, ఏ ఓడ ఎక్కడ పడిందో జ్ఞాపకం మీద చెప్పాడు.

ప్రశ్నలు అడగండి.

సభలో నుంచి: గాలితోనే ఈ ఓడకు వెళ్ళి వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు కదండీ?

ఉన్నారు. తిరిగి వచ్చినవాళ్ళే కదా మనకు చెప్పేది. ఏ ఇబ్బందీ రాని రోజున గాలి సరిపోతుంది. నేను వేసిన 100 బార్ లెక్క ఇబ్బంది వచ్చిన రోజుది. ఆ రోజున లీటరుకు 8.4 గ్రాముల గాలి పీలుస్తూ, మత్తులో, ఇద్దరు ఒకే జంట సిలిండర్ల మీద పైకి రావడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. నిమిషానికి 30 లీటర్లన్న నా అంచనా కూడా అప్పుడు చాలదు.

సభలో నుంచి: ఆ మందుపాతరలు ఇప్పుడు పేలతాయా?

పేలవని నమ్మడానికి కారణం లేదు. నీళ్ళల్లో నానినంత మాత్రాన పేలుడు మందు చచ్చిపోదు. కొన్నిరకాల మందు లోహంతో కలిసి పాతబడేకొద్దీ ఇంకా సున్నితంగా తయారవుతుంది. చూక్‌లో ఈ ఓడల్లోంచి మందు తీసి చేపలు పట్టడానికి వాడినవాళ్ళున్నారు, అంటే మందు ఇంకా పనిచేస్తోందనే కదా. ఓడలకూ మనుషులకూ కూడా నష్టం జరిగింది. చూడండి, ముట్టుకోకండి, మీద ఆనుకోకండి, మీ పక్క సిలిండర్ అడుగు తగలకుండా చూసుకోండి. ఫోటో కోసం ఒకదాని మీద ఇసుక తుడవడం కూడా వద్దు.

సభలో నుంచి: రుషికొండ దగ్గర నేర్చుకున్నాను, అడ్వాన్స్‌డ్ కార్డు ఉంది. 30 మీటర్లు. నేను ట్రక్ వెళ్ళి లాభం ఉందా?

తప్పకుండా ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కో మారుకి నార్మాక్సిక్ ట్రైమిక్స్, అంటే ఇందాకటి 18 శాతం ఆక్సిజన్ లాంటి మిశ్రమాల కోర్సు దాకా రావాలి, అది 60 మీటర్ల వరకు. మీ కార్డుతో ఫుజికావా మారు చూడండి. అది కూడా నిటారుగా ఉంది, డెక్ సుమారు 18 మీటర్ల దగ్గరే వస్తుంది. ముందు హోల్డ్‌లో రెక్కలు ఊడదీసిన జపాన్ 'జీరో' యుద్ధ విమానాలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. విమానం నడిపేవాడి సీటు దాకా కనబడుతుంది. 32 శాతం నైట్రాక్స్, అంటే ఆక్సిజన్ 32 శాతానికి పెంచిన గాలి, తీసుకోండి, దాని హద్దు 33 మీటర్లు, హోల్డ్ అడుగున కూర్చోకుండా విమానాల ఎత్తులో తేలుతూ చూస్తే సరిపోతుంది. దాని నోరు కింద వెలుతురు బాగా పడేది పొద్దెక్కాక, పదకొండు దాటాక. ఉదయాన్నే మొదటి పడవకి వెళ్ళకండి, రెండో పడవకి వెళ్ళండి.